బాయా: బాల చిత్రకారిణి అన్న ముద్ర వెనుక కథ

అల్జీరియా చిత్రకారిణి బాయాను కళాచరిత్రలో ఏ వరుసలో నిలపాలి, సహజ ప్రతిభ ఉన్న బాల చిత్రకారిణిగానా, ఎరిగి వేసిన కళాకారిణిగానా అన్న ప్రశ్న 2022లో వెనిస్ బియన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలోనూ, పారిస్‌లోని అరబ్ ప్రపంచ సంస్థలోనూ ఆమె చిత్రాలు ప్రదర్శనకు వచ్చినప్పుడు మళ్లీ ముందుకు వచ్చింది. ఆ ప్రశ్న మూలాలు 1947 నాటి పారిస్‌లో ఉన్నాయి.

బాయా అసలు పేరు ఫాత్మా హద్దాద్. 1931లో అల్జీర్స్ సమీపంలోని బోర్జ్ ఎల్ కిఫాన్‌లో పుట్టి, ఐదేళ్లకే తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఫ్రెంచివారి పూలతోటలో కూలి చేసే నాయనమ్మ దగ్గర పెరిగింది. ఆ తోట యజమానురాలి సోదరి మార్గరీట్ కామినా ఆమెను అల్జీర్స్‌లోని తన ఇంటికి తీసుకెళ్లి, కాగితాలు, రంగులు చేతికిచ్చింది. ఆ ఇంట్లో బాయా పెంపుడు కూతురా, పనిపిల్లా అంటే, రెండూ కొంతవరకు నిజమే. బడికి మాత్రం ఆమె ఎన్నడూ వెళ్లలేదు.

1947 నవంబరులో ఎమే మాగ్ పారిస్‌లోని తన గ్యాలరీలో పదహారేళ్లు నిండని బాయా చిత్రాలను ప్రదర్శించగా, కలలనూ అచేతన మనసునూ కళకు ఆధారం చేసుకున్న అధివాస్తవికవాదుల (సర్రియలిస్టుల) నాయకుడు ఆంద్రే బ్రెతోఁ వాటిపై వ్యాసం రాశాడు. చదువు సోకని సహజ ప్రతిభగా ఆమెను కొనియాడిన ఆ నగరమే ఆమె దేశాన్ని ఏలుతోందనీ, అల్జీరియాలోని సెతిఫ్ పట్టణంలో అల్జీరియన్లపై కాల్పులు జరిగి అప్పటికి రెండేళ్లే అయిందనీ గుర్తుంచుకుంటే, ఆ మెప్పులో మన్నన ఎంతో, కుతూహలం ఎంతో తేల్చుకోవడం కష్టం. మరుసటి ఏడాది ఆమె దక్షిణ ఫ్రాన్స్‌లోని వల్లొరిస్‌లో ఉన్న మదురా కుండల కార్ఖానాలో పనిచేసింది. పికాసో అక్కడే పనిచేస్తుండటంతో, ఆయన 1954-55 నాటి 'అల్జీర్స్ స్త్రీలు' చిత్రాలకు బాయాయే ప్రేరణ అన్న మాట పుట్టింది. నిజానికి పికాసో ఆ వరుసకు ఫ్రెంచి చిత్రకారుడు దెలక్రువా 1834 నాటి చిత్రాన్ని ఆధారం చేసుకున్నాడు. అయినా ఒక చిత్రకారిణి విలువకు పికాసో సాక్ష్యం ఎందుకు కావాలి?

1953లో ఆమెకు బ్లిదా పట్టణానికి చెందిన ఆందలూసీ (మధ్యయుగపు ముస్లిం స్పెయిన్ నుంచి వచ్చిన) సంగీత విద్వాంసుడు ఎల్ హాజ్ మహ్‌ఫూద్ మహీద్దీన్‌తో వివాహమైంది. ఆయన ఆమెకన్నా సుమారు ముప్పై ఏళ్లు పెద్దవాడు, అప్పటికే ఒక భార్య ఉన్నవాడు. సంసారం, పిల్లలు, బయట 1962 దాకా సాగిన స్వాతంత్ర్య యుద్ధం. దాదాపు పదేళ్లు ఆమె కుంచె పట్టలేదు. 1963లో అల్జీర్స్ లలితకళల మ్యూజియం అధిపతి జాఁ ద మెజోన్‌సేల్ ప్రోత్సాహంతో మళ్లీ మొదలుపెట్టి, 1998లో కన్నుమూసే వరకు వేస్తూనే ఉంది. 1990లలో అంతర్యుద్ధానికి భయపడి కళాకారులెందరో దేశం విడిచినా, ఆమె బ్లిదాలోనే ఉండిపోయింది.

1963 తర్వాతి చిత్రాల్లో వీణలను పోలిన తీగవాద్యాలు కొత్తగా కనిపిస్తాయి. నల్లటి గీతతో దిద్దిన పెద్ద కన్ను, ఒళ్లంతా పూలూ చుక్కలూ నిండిన గౌను, ఆ గౌను అంచులోంచే మొలిచినట్టుండే పక్షి, పక్కన చేపలూ పళ్లూ. నీడలుండవు, దూరం తెలిపే గీతలుండవు, మగవాడు అసలే ఉండడు. ముప్పై అయిదేళ్ల పాటు ఒక గృహిణి ఎంచి, నిలబెట్టుకున్న నియమాలివి. వీటిని పసితనపు అమాయకత్వంగా లెక్కగట్టడం సరికాదు.

ఆ లెక్క నిలిచిపోవడానికి ఒక మామూలు కారణమూ ఉంది. 2018లో న్యూయార్క్ విశ్వవిద్యాలయపు గ్రే గ్యాలరీ ఆమె ప్రదర్శన పెట్టినప్పుడు, చిత్రాల్లో అధికభాగం మాగ్ కుటుంబ సేకరణ నుంచే, అంటే ఆమె కౌమారపు రోజుల నుంచే వచ్చాయి. వాటి సరసన పికాసో మదురాలో చేసిన మట్టిపాత్రలనూ ఉంచారు.