అట్లాంటిక్ సిటీలో ఒక్కరోజు పోకర్: డీలర్ కుర్చీలోంచి చూసిన అపోహలు, వాస్తవాలు

నేను న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో, ఒక క్యాసినోలో పోకర్ డీలర్‌ని. శనివారం వస్తే చాలు, అదే రాష్ట్రంలోని ఎడిసన్ వైపు నుంచి నలుగురైదుగురు ఒకే కారులో దిగుతారు, వాళ్లలో మనవాళ్లు తప్పకుండా ఉంటారు. దాదాపు 100 మైళ్ల డ్రైవ్, ఏడెనిమిది గంటల ఆట, రాత్రికి మళ్లీ ఇల్లు. వచ్చేటప్పుడు వెంట తెచ్చుకునే నమ్మకాలు కొన్ని ఉంటాయి, వాటివల్లే డబ్బు పోగొట్టుకోవడం చూస్తుంటే బాధేస్తుంది.

అపోహ: పోకర్‌లో క్యాసినోతోనే ఆడతాం, డీలర్ వాళ్ల మనిషి.

బ్లాక్‌జాక్, రూలెట్‌లో ఎదుట ఉండేది క్యాసినో. పోకర్‌లో మీ డబ్బు పోయేది పక్కన కూర్చున్నవాళ్లకి. పాట్ (అందరి బెట్లూ కలిసిన మొత్తం) ఎవరు గెలిచినా క్యాసినోకి ఒకటే, దానికి కావాల్సింది ఆ పాట్‌లోంచి తన వాటాగా తీసే రేక్. దీన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పాట్‌కి సగటున 4 డాలర్లు తీశారనుకోండి, గంటకు 30 హ్యాండ్‌లంటే (ముక్కలు పంచిన ప్రతి ఆట ఒక హ్యాండ్) 120 డాలర్లు, తొమ్మిది మంది మీద తలకు 13. గెలిచినప్పుడల్లా డీలర్‌కి ఇచ్చే డాలర్ కూడా కలిపితే ఎనిమిది గంటలకు 130 దాటుతుంది. 300 డాలర్లతో 1-3 గేమ్‌లో (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే బెట్లు 1, 3 డాలర్లు) కూర్చున్నవాళ్లకు అది చిన్న మొత్తం కాదు. ముందు ఆ 130 సంపాదించాలి, ఆ తర్వాతే లాభం.

అపోహ: దీపావళికి ఇంట్లో తీన్ పత్తీ ఆడతాం కదా, అదీ ఇదీ ఒకటే.

ఇది చాలామంది కొంప ముంచుతుంది. తీన్ పత్తీలో సీక్వెన్స్ కలర్‌ని కొడుతుంది. పోకర్‌లో తిరగబడుతుంది, ఫ్లష్ (మన కలర్) స్ట్రెయిట్‌ని (మన సీక్వెన్స్) కొడుతుంది. దీని వెనక ఉన్నది లెక్కే: మూడు ముక్కల్లో కలర్‌లు 1,096 రకాలుగా పడితే సీక్వెన్స్‌లు 720 రకాలుగానే పడతాయి. ఐదు ముక్కలకు వచ్చేసరికి ఫ్లష్‌లు 5,108, స్ట్రెయిట్‌లు 10,200. ఏది అరుదైతే అది పెద్దది. ఒకాయన స్ట్రెయిట్ తిప్పి, ఎదుటివాళ్ల ఫ్లష్ కళ్లముందే ఉన్నా, పాట్ లాక్కోవడానికి రెండు చేతులూ చాచేశాడు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఓడిపోయామనుకుని తొందరపడి ముక్కలు పారేయకండి. తిప్పి టేబుల్ మీద పెట్టండి చాలు, చదివి చెప్పడం డీలర్ పని. పారేసిన ముక్కల కుప్పలో కలిశాక గెలిచే ముక్కలైనా తిరిగి రావు.

స్నేహితులతో వచ్చేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి: హ్యాండ్ నడుస్తుండగా "మామా, వదిలెయ్యి రా" అని తెలుగులో అనకూడదు, అప్పుడు ఇంగ్లిష్ మాత్రమే. మీ మనసులో మోసం లేకపోవచ్చు, కానీ టేబుల్ దగ్గర మిగతావాళ్లకి ఆ మాట అర్థం కాదు. మనవాడే కదా అని ఒకరి మీద ఒకరు బెట్ వేయకుండా ఊరుకోవడం కూడా తప్పే. వీలైతే వేరువేరు టేబుళ్లు అడగండి.

సినిమాల్లోలా హ్యాండ్ మధ్యలో కారు తాళాలు, ఇంటి కాగితాలు పెట్టడం ఉండదు. టేబుల్ మీద ఎంత ఉంటే అంతవరకే ఆట. అలాగే ఒకసారి కొన్ని చిప్స్ తోసి, ఎదుటివాళ్ల ముఖం చూసి ఇంకొన్ని తోస్తే రెండోది చెల్లదు. రెయిజ్ చేయాలంటే (బెట్ పెంచాలంటే) ముందే నోటితో చెప్పండి.

అపోహ: పొద్దుటి నుంచి ముక్కలే పడలేదు, ఇక పడి తీరాలి.

నేను ఎక్కువగా వినేది ఇదే, నాకు భయమేసేదీ ఇదే. రెండు ఏసులు సగటున 221 హ్యాండ్‌లకు ఒకసారి వస్తాయి. గంటకు 30 చొప్పున ఏడు గంటలకు పైనే, అంటే మీ ట్రిప్ మొత్తానికి దాదాపు ఒక్కసారి. అసలు రాకపోవడం కూడా మామూలే. వచ్చినా ఎదుట రెండు రాజులుంటే అయిదింట్లో ఒకసారి ఓడిపోతారు. ప్రతి షఫుల్ కొత్తదే, పొద్దున ఏం జరిగిందో పేకకు తెలియదు. ఒక్కరోజులో అదృష్టం సమానం కాదు, పది ట్రిప్పుల్లోనూ కాకపోవచ్చు. అందుకే పోయింది రాబట్టాలని చివరి రెండు గంటల్లో ఏటీఎం దగ్గరికి వెళ్లేవాళ్లను చూస్తే లేచి ఆపాలనిపిస్తుంది, డీలర్‌గా నాకా అధికారం లేదు. ఆ పరుగు అలవాటైపోయిందని అనిపిస్తే 1-800-GAMBLER అనే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. న్యూజెర్సీలో మీ అంతట మీరే పేరు రాయించుకుని ఏడాదికో అయిదేళ్లకో క్యాసినోలకు దూరమయ్యే ఏర్పాటు కూడా ఉంది.

టాక్స్ సంగతి: క్యాష్ గేమ్‌లో (టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడే ఆటలో) ఎవరూ ఫారం ఇవ్వరు కాబట్టి గెలిచింది చూపించక్కర్లేదనుకుంటారు. చూపించాలి. 2026 నుంచి ఫెడరల్ రిటర్న్‌లో నష్టాలను 90 శాతం వరకే తీసివేయనిస్తారు, కాబట్టి ఏ రోజు ఎంతతో కూర్చున్నారో, ఎంతతో లేచారో ఫోన్‌లో రాసుకోండి.

ఇంటికి బయల్దేరే టైమ్ పొద్దున కారెక్కేటప్పుడే మాట్లాడుకోండి, గెలుస్తున్నా ఓడుతున్నా అదే టైమ్. తిరిగి కారు నడిపే మనిషి అరగంట ముందే లేచి, ఏదైనా తిని, కాస్త నడవాలి. ఆ రోజంతా ఉచితంగా వచ్చే డ్రింక్స్ ఆ మనిషి ముట్టుకోకూడదు.