ఉక్కు ఉద్యమం, నాన్చుడు రాజకీయం

"విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదం తెలియని తెలుగువాళ్లు ఉండరు. దాని వెనక కాల్పులు జరిగాయని కూడా చాలామందికి తెలుసు. కానీ ఆ ఉద్యమాన్ని నీరుగార్చడానికి తూటాల కంటే ఎక్కువగా పనికొచ్చింది నాన్చుడు, దాని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్లాంటు అమ్మకానికి వ్యతిరేకంగా విశాఖ కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం ఏళ్ల తరబడి ఎందుకు సాగిందో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1965లో ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం కొత్త ఉక్కు ఫ్యాక్టరీకి విశాఖ అనువైన చోటని చెప్పింది. రేవు ఉంది, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం మరీ దూరం కాదు. అయితే తమిళనాడులోని సేలంలో పెట్టాలని ఒకరు, కర్ణాటకలోని హోస్పేటలో పెట్టాలని ఇంకొకరు పట్టుబట్టారు. యుద్ధం, కరువు, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి, కేంద్రం డబ్బుల్లేవంటూ ఫైలు పక్కన పెట్టేసింది. ఆ అక్టోబర్ 15న టి.అమృతరావు విశాఖలో ఆమరణ దీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు ముందు నిలబడ్డారు, విద్యార్థులు రోడ్డెక్కారు. నవంబర్ 1న, అంటే ఆంధ్రప్రదేశ్ పుట్టి సరిగ్గా పదేళ్లయిన రోజున, విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రం మొత్తం మీద 32 మంది పోయారని లెక్క. విచిత్రం ఏంటంటే, అంతకుముందు ఫ్యాక్టరీ కావాలని అసెంబ్లీలో ఏకగ్రీవంగా తీర్మానం చేసింది కూడా ఇదే ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వ హయాంలోనే. తీర్మానం వరకైతే ఎవరికీ ఇబ్బంది లేదు, జనం వీధిలోకి వచ్చేసరికే తేడా వచ్చింది.

కాల్పులతో గొడవ చల్లారలేదు. వామపక్షాల ఎమ్మెల్యేలు రాజీనామాలు చేశారు, 1967లో తెన్నేటి విశాఖ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచారు. చివరికి 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ విశాఖలో ఫ్యాక్టరీ పెడతామని పార్లమెంటులో ప్రకటించారు, సేలం, హోస్పేటలతో కలిపి. 1971 జనవరి 20న శంకుస్థాపన. అక్కడి నుంచి చూడండి: ప్లాంటును నడిపే ప్రభుత్వ సంస్థ ఆర్‌ఐఎన్‌ఎల్ ఏర్పడింది 1982లో, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' వెలిగింది 1990లో, పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లాడు పెరిగి ఉద్యోగం వెతుక్కునే వయసుకొచ్చాక గానీ కొలిమి వెలగలేదు.

ఈ కథలో నినాదం కింద పడి నలిగిపోయిన ఇంకో ఉద్యమం ఉంది. ప్లాంటు కోసం 64 ఊళ్లు ఖాళీ చేశారు, 16 వేలకు పైగా కుటుంబాలు. ఇంటికొక ఉద్యోగం అని చెప్పి ఆర్-కార్డులు, అంటే పునరావాస కార్డులు చేతిలో పెట్టారు. వాటిలో దాదాపు సగం కార్డులకు ఉద్యోగం రానేలేదు. గాజువాక, అగనంపూడి వైపు వెళ్తే ఆ కార్డు ఇంకా బీరువాలో దాచుకున్న ఇళ్లు కనిపిస్తాయి: కార్డు తాత పేరు మీద ఉంటుంది, తాతకు ఉద్యోగ వయసు ఎప్పుడో దాటిపోయింది, ఐటీఐ చేసిన మనవడికి దాన్ని బదిలీ చేయమంటే రూల్స్ అడ్డొస్తాయి. వీళ్లు ధర్నా చేస్తే "అభివృద్ధికి అడ్డుపడుతున్నారు" అన్నవాళ్లలో, ఒకప్పుడు ఫ్యాక్టరీ కోసం నినాదాలు చేసిన మనవాళ్లు కూడా ఉన్నారు. ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక 2021. జనవరి 27న కేంద్రం ప్లాంటులో తన నూరు శాతం వాటా అమ్మేందుకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఊరికి ఆ సంగతి తెలిసింది ఫిబ్రవరి 3న, అదీ ఒక ట్వీట్ ద్వారా! ఆ నెలలోనే కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు మొదలయ్యాయి, మార్చి 5న రాష్ట్ర బంద్ జరిగింది, అమ్మొద్దని మే నెలలో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. ఈసారి తుపాకీ అవసరం పడలేదు, "నష్టాల్లో ఉంది కదా, ఎన్నాళ్లు మోస్తాం?" అన్న ఒక్క ప్రశ్నతో పని జరిగిపోయింది. నష్టాలు నిజమే. ప్లాంటుకు సొంత ఇనుప గనులు లేవు, బయట రేటుకు కొనాలి, విస్తరణకు తెచ్చిన అప్పుల వడ్డీ వేరే. బైలడిల్లా ఖనిజం మాత్రం దశాబ్దాలుగా ఇదే విశాఖ రేవు మీదుగా ఓడలెక్కి జపాన్ వెళ్లింది.

2024 సెప్టెంబర్ నాటికి మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచే పరిస్థితి వచ్చింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది, స్వీట్లు పంచుకున్నారు. అమ్మకం నిర్ణయాన్ని రద్దు చేస్తున్నట్టు మాత్రం ఆ ప్రకటనలో లేదు. ఆ తర్వాత కాంట్రాక్టు కార్మికుల్ని తీసేయడం మొదలైంది, వాళ్లలో చాలామంది నిర్వాసితుల పిల్లలే. వాళ్లు అడిగేది ఒకటే: ప్లాంటు కోసమని తీసుకున్న భూమి ప్రైవేటువాళ్ల చేతికి వెళ్లేటట్టయితే, వాడకుండా మిగిలిన ఎకరాలు తిరిగి మాకే ఇచ్చేయండి. దీనికి ఇప్పటిదాకా ఏ పార్టీ సూటిగా జవాబు చెప్పలేదు.