ఇంట్లో కట్టిన విమానం గురించి మనవలకు ఉత్తరం

కర్నూలు,
ఆదివారం.

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాత ఆశీస్సులు.

మీ చిన్నాయన అమెరికాలో తన కారు షెడ్డులో కట్టిన రెండు సీట్ల విమానం ఫొటో చూసి, "తాతా, ఇంట్లో విమానం ఎట్లా కడతారు? అంత డబ్బు చిన్నాయనకు ఎక్కడిది?" అని అడిగారు. ఫోనులో చెబితే సగం మరిచిపోతానని ఉత్తరం రాస్తున్నాను. దాని తోక, ఎడమ రెక్క తయారైన ఆరు నెలలూ నేను అక్కడే ఉండి, ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేసిన ఈ చేతులతోనే ఆ రేకులకు రివెట్లు, అంటే రేకులను కలిపి బిగించే మేకుల్లాంటి ముక్కలు, వేశాను.

కిట్ విమానాన్ని కంపెనీవాళ్లు విడిభాగాలుగా అమ్ముతారు. అల్యూమినియం రేకులను కొలతకు కత్తిరించి, మడతలు పెట్టి, చాలావాటికి రంధ్రాలు కూడా వేసి చెక్కపెట్టెల్లో పంపిస్తారు; వాటిని జోడించి విమానంగా నిలబెట్టడం కొన్నవారి పని. పనిలో సగానికి మించి, నేర్చుకోవడానికో సరదాకో స్వయంగా చేసి ఉంటేనే అక్కడి ప్రభుత్వం దానిని సొంతంగా కట్టుకున్న విమానాల తరగతిలో చేర్చి ఎగరడానికి అనుమతిస్తుంది. ఇలాంటి విమానానికి సుమారు 1,500 నుంచి 2,000 గంటల పని పడుతుంది. ఆఫీసు నుంచి వచ్చాక రోజుకు రెండు గంటల చొప్పున చేస్తే రెండు, మూడేళ్లు పడుతుందని మీరే లెక్క వేసుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. మీ చిన్నాయనకు ఇంటి అప్పు కంతులు ఉన్నాయి, మిగులు తక్కువ. మన ఊళ్లో మధ్యతరగతివాళ్లు ఒక ఏడాది పునాది, మరో ఏడాది గోడలు, చేతిలో డబ్బు ఆడినప్పుడు స్లాబు వేసుకుని ఇల్లు కట్టుకున్నట్టే వాడు విమానం కట్టాడు. తోక, రెక్కలు, మొండెం వేరువేరు పెట్టెలుగా అమ్ముతారు కాబట్టి, చీటీ కట్టినట్టు నెలనెలా కొంత పక్కన పెట్టి, ఒక పెట్టె పని పూర్తయ్యాకే ఇంకొకటి తెప్పించాడు. ముందు తోకనే కొనాలి. అది అన్నిటికన్నా చవక, చిన్నది. ఈ పని మన వల్ల కాదని తేలినా నష్టం తోకతోనే ఆగిపోతుంది. అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇంజను కాబట్టి వాడినదాన్నే కొని, అనుభవజ్ఞుడైన మెకానిక్ చేత విప్పించి, పరీక్ష చేయించి బిగించాడు. ఇలా చవక ఇంజను వెతుక్కోవడం కొత్త పద్ధతేమీ కాదు. 1929లో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే అమెరికన్ ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజనుతోనే తన చెక్క విమానాన్ని ఎగురవేశాడు. ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజనుతో నేటికీ చిన్న విమానాలు ఎగురుతున్నాయి. ఖరీదైన పరికరాలు కొన్నిటిని అక్కడి క్లబ్బులో అరువు తెచ్చుకున్నాం. మీటర్లు, రేడియో చివరికి కొన్నాం, ఎందుకంటే ముందే కొంటే విమానం ఎగిరేనాటికి అవి పాతబడిపోతాయి.

పొదుపు చేయకూడని చోట్లు కూడా మీకు తెలియాలి, అవే ముఖ్యం. విమానానికి వేసే బోల్టు బజారు బోల్టు లాగే కనిపిస్తుంది, ధర మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఒక్క బోల్టు కూడా బజారుది వేయకూడదు, ఎందుకంటే విమానం బోల్టు ఎంత బరువుకు తెగుతుందో ముందే తెలుసు, బజారుదాని బలం మనకు తెలియదు.

నేను చేసిన తప్పు కూడా మీకు చెప్పాలి. రివెట్టు రంధ్రం నడిమధ్య నుంచి రేకు అంచుకు, రివెట్టు మందానికి కనీసం రెండింతల దూరం ఉండాలి. అంటే 3.2 మిల్లీమీటర్ల రివెట్టుకు 6.4 మిల్లీమీటర్లు. ఒక సాయంత్రం గీత గీయకుండా, ఇన్నేళ్ల అలవాటు ఉంది కదా అని కంటి అంచనాతోనే రెక్క లోపలి పక్కటెముకకు డ్రిల్లు పెట్టాను. కొలిచి చూస్తే నాలుగే ఉంది. పైన రేకు కప్పేస్తే ఎవరికీ కనిపించదు కూడా. మీ చిన్నాయన మారు మాట్లాడకుండా ఆ ముక్కను పక్కన పెట్టి కొత్తదానికి ఆర్డరు రాశాడు. అది వచ్చేదాకా రెక్క పని ఆగిపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

రంధ్రం వేశాక దాని అంచున సన్నని లోహపు గరుకు, అంటే బర్, లేస్తుంది. గోటితో తడిమితే గరుకుగా తగులుతుంది. షాంపూ ప్యాకెట్టు అంచున చిన్న గాటు ఉంటే అక్కడి నుంచే సులువుగా చిరిగినట్టు, ఎగిరే విమానం రేకు అదిరి అదిరి ఆ గరుకు దగ్గరే పగులు తెచ్చుకుంటుంది. అందుకే పది వేలకు పైగా ఉన్న రంధ్రాలలో ప్రతిదాన్నీ రెండు వైపులా, రేకుల అంచులను ఆకురాయితో, నున్నగా చేయాలి. విసుగు పుట్టించే పని ఇదే, విమానాన్ని కాపాడే పని కూడా ఇదే. మీ పిన్ని రోజూ రాత్రి వంట పని అయ్యాక వచ్చి గంటసేపు ఈ ఒక్క పనే చేసేది.

అంతా అయ్యాక మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి, బరువు ఎక్కడ కేంద్రీకృతమైందో లెక్క కట్టారు. ప్రభుత్వ తనిఖీ అయిన తరువాత కూడా, ఇంజనును బట్టి మొదటి 25 లేదా 40 గంటలు నిర్ణయించిన ప్రాంతంలోనే, ప్రయాణికులెవరూ లేకుండా ఎగరాలని సాధారణంగా నిబంధన ఉంటుంది.

మన దేశంలో ఇది మరింత కష్టం. విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతి లేనిదే సొంత విమానం నేల విడవకూడదు. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ తాముండే భవనం మేడ మీద, కిట్ కూడా కాకుండా, సొంత నమూనాతో ఆరుగురు కూర్చునే విమానాన్ని కట్టి, ఏళ్ల తరబడి తిరిగి 2017లో నమోదు పత్రం సంపాదించారు. కాబట్టి మన ఓర్వకల్లు విమానాశ్రయంలో దిగే విమానాన్ని చూసి ఇంట్లో రేపే మొదలుపెడదామని తొందరపడకండి. చేతిపని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

అర మిల్లీమీటరు మందం ఉన్న రెండు అల్యూమినియం రేకులు, గుప్పెడు రివెట్లు నా పెట్టెలో ఉంచాను. రివెట్టు వేయడానికి ఒక వైపు సుత్తి పట్టేవారు, ఇంకో వైపు ఇనుప దిమ్మె ఆనించేవారు, ఇద్దరు కావాలి. వేసవి సెలవులకు ఇద్దరూ కలిసే రండి. మొదట రంధ్రం ఎక్కడ వేయాలో స్కేలు పెట్టి గీత గీయడంతో మొదలుపెడదాం.

మీ తాత