రెండు కిలోల బిడ్డ, చివరి ఆయకట్టు

"పుట్టినప్పుడు రెండు కిలోలే ఉన్నాడు. ఇప్పుడు ఏడేళ్లు, తోటివాళ్లకంటే బొద్దుగా ఉన్నాడు. లోటు తీరిపోయినట్టే కదా?" అమ్మమ్మలూ నానమ్మలూ మురిసిపోతూ అడిగే ఈ ప్రశ్నకు పిల్లల హార్మోన్ల డాక్టరు వెంటనే అవుననడు. నడుము చుట్టుకొలత చూస్తాడు, బీపీ చూస్తాడు, మెడ వెనక చర్మం నల్లగా మందంగా అయ్యిందేమోనని కాలరు తీసి చూస్తాడు. చిన్నప్పటి బరువులు రాసిన కార్డు దాచారా అని అడుగుతాడు. బొద్దుతనం ఆయనకు శుభవార్త కాదు.

నిర్వచనం దగ్గర ఎక్కువసేపు ఆగను. పుట్టినప్పుడు 2500 గ్రాములకు తక్కువ ఉంటే తక్కువ బరువు. సరిగ్గా 2500 ఉంటే ఆ లెక్కలోకి రాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బరువు నమోదైన బిడ్డల్లో దాదాపు 18 శాతం ఈ గీత కింద ఉన్నారు. ఒక్క సంగతి మాత్రం కలగాపులగం చేయకూడదు. 34 వారాలకే పుట్టి రెండు కిలోలున్న బిడ్డ తన వయసుకు తగ్గట్టే ఉంది, తొందరపడి వచ్చిందంతే. 40 వారాలు నిండి రెండు కిలోలున్న బిడ్డకు లోపల తిండి చాలలేదు. ఈ వ్యాసం ఎక్కువగా రెండో బిడ్డ గురించి.

"పెరుగుదలకు కారణం గ్రోత్ హార్మోన్" అని పాఠంలో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, పిల్లలు బట్టీపడతారు. పుట్టాక అది నిజం. కడుపులో ఉన్నప్పుడు దాదాపు తప్పు. గ్రోత్ హార్మోన్ తయారుకాని బిడ్డ కూడా ఇంచుమించు మామూలు పొడవుతోనే పుడుతుంది. ఇన్సులిన్ తయారుకాని బిడ్డ మాత్రం నెలలు నిండినా బాగా చిన్నగా పుడుతుంది. గర్భంలో అసలు పెరుగుదల హార్మోన్ ఇన్సులినే. దాని వెంట కాలేయం నుంచీ ఇతర కణజాలాల నుంచీ వచ్చే ఐజిఎఫ్-1, అంటే ఇన్సులిన్‌ను పోలిన పెరుగుదల హార్మోన్. తల్లి ఇన్సులిన్ మాయను దాటి రాదు, తల్లి గ్లూకోజు దాటుతుంది. గ్లూకోజు పుష్కలంగా వస్తే బిడ్డ క్లోమం ఇన్సులిన్ గుమ్మరిస్తుంది. తల్లికి షుగరుంటే నాలుగు కిలోల బిడ్డ పుట్టేది అందుకే. గ్లూకోజు తగ్గితే ఇన్సులిన్, ఐజిఎఫ్-1 రెండూ తగ్గి పెరుగుదల మందగిస్తుంది.

దీనికి చక్కని రుజువు జన్యువుల్లోనే దొరికింది. గ్లూకోజు ఎంత ఉందో క్లోమానికి తెలిపేది గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్. ఆ జన్యువులో లోపం తల్లికి లేకుండా బిడ్డకు మాత్రమే ఉంటే బిడ్డ సుమారు అర కిలో తక్కువ బరువుతో పుడుతుందని ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో ఆండ్రూ హాటర్స్‌లీ బృందం 1998లో చూపింది. అంటే ప్రతి చిన్న బిడ్డ వెనకా ఆకలే ఉందనుకోకూడదు. ఒకే లోపం మొదట బరువు తగ్గించి, తరవాత షుగరు తేవచ్చు.

ఇక ఆకలి వల్ల జరిగేదానికి వద్దాం. కాలువ నీళ్ల మీద బతికిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

జలాశయంలో నీళ్లు తగ్గిన ఏడు కాలువ ఎలా నడుస్తుంది? అందరికీ సమానంగా తగ్గదు. తల భాగంలో తూములు నిండుగానే పారతాయి, చివరి భూములకు బురద నీరైనా చేరదు. గర్భంలోని బిడ్డ రక్తప్రవాహమూ అంతే. మాయ నుంచి వచ్చే ఆక్సిజనూ గ్లూకోజూ తగ్గగానే మెదడుకు వెళ్లే నాళాలు వెడల్పవుతాయి. పేగులు, కిడ్నీలు, కండలు, చర్మానికి వెళ్లేవి బిగుస్తాయి. రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్‌లో చూసేది ఈ షట్టర్లనే. బొడ్డుతాడు ధమనిలో నిరోధం పెరిగి, మెదడు మధ్య ధమనిలో నిరోధం తగ్గిందంటే లష్కరు, అంటే కాలువ తూములు తిప్పే మనిషి, పని మొదలుపెట్టాడన్నమాట. స్కాన్ కాగితంలో తల చుట్టుకొలత సరిగ్గా ఉండి పొట్ట చుట్టుకొలత మాత్రం వెనకబడటానికి కారణం కూడా ఇదే: పొట్టలో పెద్ద భాగం కాలేయం, దానిలో గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉండాల్సిన గ్లూకోజు ఖాళీ.

చివరి ఆయకట్టు రైతు నీళ్లు రాకపోతే ఏం చేస్తాడు? వరి మానేసి ఆరుతడి పంట వేస్తాడు. కండ కూడా అదే చేస్తుంది. కణాల సంఖ్య తగ్గించుకుంటుంది, ఇన్సులిన్ తలుపు తట్టినా గ్లూకోజును తొందరగా లోపలికి రానివ్వదు. కండ వాడని గ్లూకోజు మెదడుకు మిగులుతుంది. మెదడుకు గ్లూకోజు తీసుకోవడానికి ఇన్సులిన్ అనుమతి పెద్దగా అక్కర్లేదు కదా! కండ ఇలా మొండికెయ్యడాన్నే వైద్యులు ఇన్సులిన్ నిరోధకత అంటారు. గర్భంలో అది జబ్బు కాదు, బతుకు తెరువు.

అదను మాట కూడా రైతుకు తెలుసు. కిడ్నీలో వడపోత గొట్టాలు, అంటే నెఫ్రాన్లు, 34–36 వారాలకల్లా ఏర్పడిపోతాయి. వాటిలో సగానికి పైగా చివరి మూడు నెలల్లోనే. ఒక్కో కిడ్నీలో సగటున తొమ్మిది, పది లక్షలున్నా, మనిషికీ మనిషికీ మధ్య తేడా చాలా ఎక్కువ. పుట్టిన బరువులో ఒక్కో కిలో తేడాకు కిడ్నీకి సుమారు రెండున్నర లక్షల నెఫ్రాన్ల తేడా కనిపించింది. తక్కువ నెఫ్రాన్లున్నప్పుడు ఒక్కొక్కటి ఎక్కువ పని చెయ్యాలి; వడపోత పీడనం పెరుగుతుంది, కాలం గడిచేకొద్దీ కొన్ని పూడుకుపోతాయి, మిగతావాటి మీద ఇంకా భారం పడుతుంది, బీపీ ఎక్కుతుంది. నా పోలిక చెడేది ఇక్కడే. పొలానికి వచ్చే ఏడు ఇంకో ఖరీఫ్ ఉంటుంది. నెఫ్రాన్‌కు ఒకటే.

లష్కరు ఎవరన్నది మిగిలింది. ఒకడు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్. తల్లి రక్తంలో అది బిడ్డ రక్తంలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మాయలో ఉన్న 11-బీటా-హెచ్‌ఎస్‌డి2 అనే ఎంజైమ్ దాన్ని కాపలా కాసి పనిచెయ్యని కార్టిసోన్‌గా మారుస్తుంది. గర్భంతో ఉన్న ఎలుకలకు ప్రొటీన్ తగ్గించి పెడితే ఈ ఎంజైమ్ పడిపోయింది, పిల్లలకు పెద్దయ్యాక బీపీ వచ్చింది. ఇదే ఎంజైమ్‌ను అడ్డుకునే వస్తువు మన వంటింటి వైద్యంలో ఉంది: దగ్గుకు నమిలే అతిమధురం. ఫిన్లండులో తల్లులు అతిమధురం మిఠాయిలు విపరీతంగా తిన్న కాన్పుల పిల్లల్లో కార్టిసాల్ స్పందన ఎక్కువగా కనిపించడంతో అక్కడ గర్భిణులకు అది తగదని చెబుతున్నారు. ఒకసారి నమిలితే ప్రమాదమేమీ లేదు. రోజూ కషాయం కాచుకోవడం మాత్రం మానాలి.

ఇంకో నమ్మకం దీనికన్నా హాని చేస్తుంది. "కడుపునిండా తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది, చివరి నెలల్లో తగ్గించు" అంటారు. కాలువ పోలికతో చూడండి. కాన్పులో అడ్డుపడేది ఎక్కువగా తల. తిండి తగ్గిస్తే చివరిదాకా కాపాడబడేది కూడా తలే. పస్తులుంటే కరిగేది కండ, కాలేయం, నెఫ్రాన్లు. ప్రసవం సుళువు కాదు, బిడ్డ మాత్రం చిక్కుతుంది.

ఇప్పుడు కాన్పు అయింది. ఆరుతడికి దున్నిన చేలోకి ఒక్కసారి తూమెత్తి నీళ్లొదిలినట్టు పాలూ పిండీ వచ్చిపడతాయి. కండ తక్కువ, తీసుకోవడానికి మొండి. మిగిలిన శక్తి కొవ్వుగా పేరుకుంటుంది, అదీ పొట్ట చుట్టూ. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు తక్కువగా ఉన్న క్లోమం ఆ నిరోధాన్ని దాటడానికి ఎక్కువ ఇన్సులిన్ పంపి పంపి ఒకనాటికి అలసిపోతుంది. నికొలస్ హేల్స్, డేవిడ్ బార్కర్ 1992లో ప్రతిపాదించిన 'పొదుపరి శరీరం' సిద్ధాంతపు సారం ఇదే.

మన దేశంలో దీనికి ఇంకో మెలిక ఉంది. పుణె దగ్గర ఆరు పల్లెల్లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం నెలలు నిండిన బిడ్డలను కొలిచింది. సగటు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలు 3.5. పుణె బిడ్డల్లో పొట్ట, కండ బాగా తక్కువ. వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు తగ్గలేదు. సన్నగా ఉన్నా కొవ్వున్న బిడ్డలు! పెద్దయ్యాకా అంతే. యాజ్ఞిక్ తన పక్కన ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్‌ను నిలబెట్టి 2004లో ఒక ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. అదే పుణె పల్లెల్లో, గర్భంతో ఉన్నప్పుడు బి12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్లకు ఇన్సులిన్ నిరోధకత ఎక్కువగా ఉంది. శాకాహార ఇళ్లలో ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటూ బి12 సంగతి మరిచిపోయేవాళ్లు ఇది గమనించాలి.

అయితే చిన్న బిడ్డను పెరగనివ్వకూడదా? పెరగాలి. ఎప్పుడు, ఏ రకంగా అన్నదే అసలు లెక్క. ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టిన 1492 మందిని 26–32 ఏళ్ల వయసులో పరీక్షించారు. షుగరు లేదా దాని ముందు దశ వచ్చినవాళ్లు రెండేళ్లలోపు సన్నగా ఉండి, ఆ తరవాత ఏడాదికేడాది బీఎంఐ ఎక్కినవాళ్లు. పన్నెండేళ్లకు వాళ్లలో ఊబకాయమని చెప్పదగ్గవాళ్లు ఒక్కరూ లేరు. గీత దాటలేదు, గీత వైపు నడిచారు.

కాబట్టి మొదటి రోజుల్లో తొందర అవసరమే. కాలేయంలో నిల్వ లేని బిడ్డకు చక్కెర చప్పున పడిపోతుంది. మొదటి గంటలోనే ముర్రుపాలు, తరవాత రెండేసి గంటలకు పాలు పట్టాలి. ఆసుపత్రిలో మడమ నుంచి రక్తం తీసి రెండు, మూడు రోజులు చక్కెర చూస్తుంటారు. డెసిలీటరుకు 40–45 మిల్లీగ్రాములకు తగ్గితే చికిత్సకు ఆగరు. తేనె నాకించడం, పంచదార నీళ్లు పోయడం పాలకు అడ్డం. తేనెతో బొటులిజం అనే విషజబ్బు భయం కూడా. తల్లి గుండెకు ఆనించి పెట్టుకునే కంగారూ పద్ధతి రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా ఉంటే ఒళ్లు చల్లబడదు, వేడికి ఖర్చయ్యే కేలరీలు ఎదుగుదలకు మిగులుతాయి. ఇనుము, విటమిన్ డి చుక్కలు డాక్టరు చెప్పిన మోతాదులో వెయ్యాలి, ఎందుకంటే ఇనుము నిల్వలూ చివరి నెలల్లోనే పడతాయి.

రెండేళ్ల లోపు బరువుతోపాటు పొడవు కొలవాలి. ఇద్దరు మనుషులు కావాలి: ఒకరు తల పలకకు ఆనించాలి, ఇంకొకరు మోకాలు చాపి పాదం నిటారుగా పెట్టాలి. ఒక్కరే కొలిస్తే మోకాలు వంగి సెంటీమీటరు పోతుంది. రెండేళ్లు దాటాక నిలబెట్టి కొలిస్తే పడుకోబెట్టిన కొలతకన్నా సుమారు 0.7 సెంటీమీటర్లు తగ్గుతుంది, అది చూసి కంగారు పడకూడదు. పదిమంది చిన్న బిడ్డల్లో దాదాపు తొమ్మిది మంది రెండేళ్లకల్లా ఎత్తు అందుకుంటారు. అందుకోని ఆ ఒక్కరిని నాలుగేళ్ల వయసుకు డాక్టరుకు చూపించాలి. గ్రోత్ హార్మోన్ సూది వాళ్లకు పనిచేస్తుంది, కానీ అది ఇన్సులిన్‌కు ఎదురు నడిచే మందు. చికిత్స జరిగినన్నాళ్లూ చక్కెర, ఐజిఎఫ్-1 చూసుకుంటుండాలి.

రెండేళ్ల తరవాత బరువు మాత్రమే ఎక్కుతూ ఎత్తు ఎక్కకపోతే జాగ్రత్త. బీఎంఐ మామూలుగా ఐదారేళ్ల దాకా తగ్గి ఆ తరవాత పెరుగుతుంది. నాలుగేళ్లకే పెరగడం మొదలైతే అది ముందస్తు గంట. చిన్నగా పుట్టి త్వరగా లావెక్కిన ఆడపిల్లల్లో అడ్రినల్ గ్రంథి ముందే మేల్కొంటుంది. ఎనిమిదేళ్ల లోపే చంక రోమాలు, చెమట వాసన, తరవాత తొందరగా రజస్వల కావడం, ఆపై పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్య. "మా పిల్ల ఏపుగా ఎదిగింది" అని సంబరపడే ఇంట్లో ఎముక వయసు ఎక్స్‌రే తీస్తే ఎత్తు పెరిగే కాలం కాస్తా అయిపోవస్తున్నట్టు తేలవచ్చు.

హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో 1987–90 మధ్య ఒక ప్రయత్నం జరిగింది. సగం ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు రోజూ సుమారు 500 కేలరీలు, ఆరేళ్లలోపు పిల్లలకు 300 కేలరీలు వచ్చేలా మొక్కజొన్న–సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు. మిగతా ఊళ్లలో ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్లవాళ్లయ్యాక కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తెక్కువ. ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ, ధమనుల బిగుసుతనం కూడా కొంచెం తక్కువ. ఒంట్లో కొవ్వు పాలు మాత్రం రెండు వైపులా దాదాపు ఒక్కటే.