పాత బోర్డుల్లో మెమరీ ఐసీ మార్చడం: అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు రిపేరు బల్లల మీదికి పాత 8085 మైక్రోప్రాసెసర్ శిక్షణ కిట్లు, ఎలక్ట్రానిక్ కాటాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటిలోని చాలా మెమరీ ఐసీల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. బదులు ఐసీ వెతికేటప్పుడు నంబరు కలిసిందని తృప్తిపడకండి, డేటాషీట్లు పక్కపక్కన పెట్టుకుని కాలుకాలూ సరిచూడండి.

అపోహ: 2716 ఈప్రామ్ (కోడు దాచి ఉంచే మెమరీ ఐసీ) దొరక్కపోతే 2732 గుచ్చేయొచ్చు, పెద్దదే కదా.

వాస్తవం: గుచ్చొచ్చు కానీ బర్న్ చేసే, అంటే కోడును ఐసీలోకి రాసే తీరు మారాలి. 2716లో 21వ కాలు ప్రోగ్రామింగ్ వోల్టేజీది. బోర్డు దాన్ని 5 వోల్టులకు కట్టేసి ఉంచుతుంది. 2732లో అదే కాలు ఏ11 అడ్రసు లైను. అది ఎప్పుడూ హైలోనే ఉంటుంది కాబట్టి బోర్డు చదివేది పై సగమే. కోడు కింది సగంలో ఉంటే కిట్ లేవదు. 2 కేబీ కోడును రెండు సగాల్లోనూ బర్న్ చేయండి.

బర్న్ చేసే వోల్టేజీ దగ్గరా చిక్కే. 2716, 2732లకు 25 వోల్టులు కావాలి, 2732ఏకి 21. దానికి 25 ఇస్తే చచ్చిపోతుంది. చవక యూఎస్‌బీ ప్రోగ్రామర్లు చాలావాటిలో 25 రానే రాదు. అందుకే మా ఓటు కరెంటుతోనే చెరిపి రాయగల 28సీ16కే. 5 వోల్టులతోనే బర్న్ అవుతుంది, 2716 సాకెట్‌లో నేరుగా కూర్చుంటుంది. టీఎంఎస్2716 అని కనిపిస్తే మాత్రం ఆగండి. పేరొకటే అయినా దానికి +12, -5 సప్లైలు కూడా కావాలి.

అపోహ: 4116 డీర్యామ్ (కరెంటు ఉన్నంతసేపే డేటా ఉంచుకునే మెమరీ ఐసీ) స్థానంలో 4164 అలాగే పెట్టొచ్చు.

వాస్తవం: పెడితే కాలిపోతుంది. ఆ సాకెట్ 8వ కాలి దగ్గర 12 వోల్టులుంటాయి, 4164కి అక్కడ కావలసింది 5. కొత్త ఐసీ 1, 8 కాళ్లు బయటికి వంచి, 8ని 9కి సన్నటి తీగతో టంకం వేయండి. 9 దగ్గర 5 వోల్టులు సిద్ధంగా ఉంటాయి. 4164లోని 64కే బిట్లలో పావు వంతే వాడకంలోకి వస్తుంది, బోర్డు అడిగేదీ అంతే.

అపోహ: వేగం ఎక్కువున్న ఈప్రామ్ పనికిరాదు.

వాస్తవం: నానోసెకన్ల అంకె తగ్గితే వేగం ఎక్కువని అర్థం. 450 నానోసెకన్ల ఐసీ చోట 200ది నిక్షేపంగా నడుస్తుంది. తిరగేస్తేనే తంటా.

అపోహ: బోర్డు లేవలేదంటే మెమరీ పోయినట్టే.

వాస్తవం: గోపాలపూర్ తీరపు తేమకి వెండిపూత కాళ్లు త్వరగా నల్లబడతాయి. ముందు ఐసీ ఊడదీసి, కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టి చూడండి. సాకెట్ పట్టు వదులైతే సాకెట్టే మార్చాలి.

అపోహ: 6264 ర్యామ్‌కి బదులు, కరెంటు పోయినా డేటా నిలుపుకునే ఎఫ్ఎం1608 ఎఫ్‌ర్యామ్ వేస్తే బ్యాటరీ గొడవ ఎక్కడైనా వదిలిపోతుంది.

వాస్తవం: ఈ ఐసీ 20వ కాలు హై నుంచి లో స్థాయికి దిగిన ప్రతిసారే కొత్త అడ్రసు పట్టుకుంటుంది. కొన్ని బోర్డుల్లో ఆ కాలు శాశ్వతంగా గ్రౌండుకే ఉంటుంది, అక్కడ పనిచేయదు. కొనేముందే 20వ కాలికి లాజిక్ ప్రోబు (హై, లో స్థాయిలు చూపే పరికరం) ఆనించి, పల్సులు వస్తున్నాయో లేదో చూసుకోండి.