సల్ఫా గుట్టు తెలియడానికి పదేళ్లు ఎందుకు పట్టింది

బ్యాక్టీరియాను అడ్డుకునే సల్ఫా మందుల్లో మొదటిదైన ప్రోంటోసిల్ టెస్ట్ ట్యూబులో పనిచేయలేదు. జర్మనీలోని ఎల్బర్‌ఫెల్డ్‌లో బేయర్ రసాయనవేత్తలు తయారుచేసిన ఈ ఎర్ర ఏజో రంగును గెర్హార్డ్ డోమాక్ 1932 డిసెంబరులో స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా ఎక్కించిన ఎలుకలకు ఇచ్చి చూశాడు. మందు పడిన 12 బతికాయి, పడని 14 చనిపోయాయి. అదే బ్యాక్టీరియా మీద గాజులో పోస్తే మాత్రం ఏమీ కాలేదు.

ఆ చిక్కుముడి 1935లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో విడింది. ఒంట్లోకి వెళ్లాక ఏజో బంధం, అంటే రెండు నైట్రోజన్ పరమాణువుల లంకె, తెగి రంగు రెండు ముక్కలవుతుంది. పనిచేసేది రంగులేని ముక్క, సల్ఫనిలమైడ్. దాన్ని 1908లోనే వియన్నాలో పాల్ గెల్మో తయారుచేశాడు, పేటెంటు గడువు కూడా తీరిపోయింది. దాంతో ఎవరుపడితే వారు అమ్మడం మొదలెట్టారు. అది నీళ్లలో సరిగా కరగదు కాబట్టి 1937లో ఒక అమెరికన్ కంపెనీ డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి సిరప్ చేసింది. మూత్రపిండాలు దెబ్బతిని వందమందికి పైగా చనిపోయారు. అమ్మే ముందే మందు సురక్షితమని చూపాలన్న 1938 చట్టం దాని ఫలితమే.

ఎలా పనిచేస్తుందన్నది మాత్రం తేలలేదు. ఈస్ట్ సారం కలిపితే సల్ఫా ప్రభావం పోతోందని 1940లో డొనాల్డ్ వుడ్స్ గమనించాడు. అందుకు కారణం పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం, అంటే పాబా. సల్ఫనిలమైడ్ రూపం అచ్చం దానిలాగే ఉంటుంది. బ్యాక్టీరియా ఎంజైమ్ పాబా అనుకుని సల్ఫాను పట్టుకుని ఆగిపోతుంది. పాబాతో బ్యాక్టీరియాకు పనేమిటో తేలింది, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన, అమెరికన్ మందుల కంపెనీ లెడర్లీ బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశాక. ఆ అణువు నడుమ ఉన్నది పాబాయే. చాలా బ్యాక్టీరియా ఫోలేట్‌ను, అంటే ఈ ఫోలిక్ ఆమ్లం కోవకు చెందిన విటమిన్‌ను, సొంతంగా చేసుకోక తప్పదు. మనకది ఆకుకూరల్లో, పప్పుల్లో దొరుకుతుంది.

సల్ఫా సాధారణంగా బ్యాక్టీరియాను చంపదు, పెరగనివ్వదు, అంతే. అదీ వెంటనే కాదు. లోపల నిల్వ ఉన్న ఫోలేట్‌తో కొన్ని తరాలు విభజన సాగిపోతుంది. చీములో దీని ఆట సాగదు. చనిపోయిన కణాల నుంచి వచ్చే థైమిడిన్, ప్యూరీన్లు (ఫోలేట్ సాయంతో తయారయ్యే డీఎన్ఏ ముడిసరుకు), పాబా ఉంటే బ్యాక్టీరియాకు ఫోలేట్ లోటు తెలియదు. చీము తీయకుండా గాయం మీద సల్ఫా పొడి చల్లి లాభం లేకపోయింది అందుకే. మత్తుకు వాడే ప్రొకెయిన్ కూడా ఒంట్లో విడిపోయి పాబానే ఇస్తుంది, కాబట్టి అదీ సల్ఫాకు అడ్డే.

తర్వాత నిరోధకత పెరిగింది. కొన్ని బ్యాక్టీరియా పాబాను అతిగా తయారుచేశాయి, కొన్ని ఎంజైమునే మార్చుకున్నాయి. ఫోలేట్ దారిలో తర్వాతి మెట్టును ఆపే ట్రైమెథోప్రిమ్‌ను జతచేసింది ఇందుకే. ఈ జంట మాత్రలో సల్ఫామెథాక్సజోల్ అనే సల్ఫా మందు, ట్రైమెథోప్రిమ్ 5:1 పాళ్లలో ఉంటాయి. ట్రైమెథోప్రిమ్ కణజాలంలోకి ఎక్కువగా పోతుంది కనుక రక్తంలో ఆ నిష్పత్తి దాదాపు 20:1 అవుతుంది.