బరువు తగ్గడానికి పరుగు మొదలెట్టేవాళ్ళ అపోహలు - వాస్తవాలు (ఒక ఫిజియో మాట)

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, పరుగు మొదలెట్టి ఎక్కడో ఒకచోట నొప్పి తెచ్చుకున్నవాళ్ళని చూడటమే నా పనిలో ఎక్కువ భాగం. వాళ్ళలో ఇరవై ముప్పై కిలోలు తగ్గాలని కంకణం కట్టుకున్నవాళ్ళు వేసే ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి, వాళ్ళకి చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చిన సలహాలూ అవే. సగం సలహాలు భయపెట్టేవి, మిగతా సగం తొందరపెట్టేవి. భయపెట్టే వాటికంటే తొందరపెట్టేవే ఎక్కువ చెడగొడతాయని నా అభిప్రాయం, ఎందుకో కింద చెప్తా.

అపోహ: ముందు బరువు తగ్గు, తర్వాత పరిగెత్తు, లేకపోతే మోకాలి గుజ్జు అరిగిపోతుంది

తిరిగే కొద్దీ అరిగిపోడానికి మోకీలు టైరు కాదండీ. ఆ గుజ్జు ప్రాణమున్న కణజాలం, దానికి నేరుగా రక్తనాళాలు ఉండవు కాబట్టి మనం అడుగు వేసినప్పుడు నొక్కుకుని, వదిలినప్పుడు మళ్ళీ కీలులోని ద్రవాన్ని పీల్చుకుని పోషకాలు తీసుకుంటుంది. అంటే అసలు కదలకపోవడమే దానికి పడదు. 2017లో చాలా పరిశోధనల్ని ఒకచోట చేర్చి చూస్తే, సరదాగా పరిగెత్తేవాళ్ళలో మోకాలు, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందిలో కనపడింది, పరిగెత్తకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం మందిలో. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో మాత్రం 13.3. అయితే ఆ సరదా రన్నర్లంతా వంద కిలోల మనుషులు కాదు కాబట్టి ఈ లెక్క చూపించి "మీకేం కాదు పరిగెత్తండి" అని నేను అనను.

బరువుకి లెక్క ఉంది. నడిచేటప్పుడు ఒక్కో అడుగుకి నేల నుంచి వచ్చే దెబ్బ మన బరువుకి ఒకటి, ఒకటిన్నర రెట్లు ఉంటుంది, పరుగులో రెండు నుంచి మూడు రెట్లు. 100 కిలోల మనిషికి అది 200 నుంచి 300 కిలోలు, అదీ ఒంటి కాలి మీద. కాళ్ళు దానికి తట్టుకోగలవు, కాకపోతే మోతాదు తక్కువలో మొదలవ్వాలి. డెన్మార్క్ వాళ్ళు 2014లో ఇచ్చిన ఒక రిపోర్టులో బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 30 దాటిన, అంటే ఊబకాయం ఉన్న కొత్త రన్నర్లని చూస్తే, మొదటి వారంలో 3 కిలోమీటర్లకి మించి పరిగెత్తినవాళ్ళకి దెబ్బలు ఎక్కువ తగిలినట్టు తేలింది. 3 కిలోమీటర్లంటే రోజుకి కాదు, వారం మొత్తానికి! నడక ఎంతైనా నడవండి, పరుగు మాత్రం మొదటి వారం అంతే. ఇది విని చాలామంది మొహం మాడ్చుకుంటారు.

ఎవరు ఆగాలి అంటే, అరగంట చురుగ్గా నడిస్తేనే మోకాలు వాచేవాళ్ళు, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోక తప్పనివాళ్ళు. వాళ్ళు కొన్ని నెలలు నడక, సైకిల్, ఈతతో గడపాలి, ఈలోగా తగ్గే ప్రతి కిలో పనికొస్తుంది. మోకాళ్ళ అరుగుదల ఉన్న పెద్దవాళ్ళ మీద చేసిన పరిశోధనలో ఒక కిలో తగ్గితే నడకలో ఒక్కో అడుగుకి మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గింది. మిగతావాళ్ళకి ఎదురుచూడాల్సిన పని లేదు.

అపోహ: ఆయాసం తగ్గిందంటే ఒళ్ళు రెడీ అయినట్టే

నా దగ్గరకి మొదటి వారంలో దెబ్బ తగిలి వచ్చేవాళ్ళు తక్కువ, భయం భయంగా చేస్తారు కాబట్టి. రెండో నెలలో వస్తారు. "ఇప్పుడిప్పుడే బాగా అలవాటైందండీ, సడన్‌గా ఇలా అయింది" అంటారు. సడన్‌గా ఏం కాలేదు. ఒంట్లో అన్నీ ఒకేసారి సిద్ధమవ్వవు, మొదటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం పెరిగి గుండె పని సులువవుతుంది, ఇంకొన్ని వారాలకి కండరాలు దారిలో పడతాయి, కండరాన్ని ఎముకకి అతికించే టెండన్లకీ ఎముకలకీ మాత్రం నెలలు పడుతుంది. ఎముక సంగతి ఇంకా విచిత్రం, కొత్త భారం పడగానే శరీరం ముందు పాత ఎముకని తొలిచేసి ఆ తర్వాత కొత్తది పోస్తుంది, ఈ మొత్తం పనికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అంటే మధ్యలో కొన్ని వారాలు ఆ చోట ఎముక ముందుకంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనిషికి దమ్ము వస్తుంది, నాలుగైదు కిలోలు తగ్గి ఒళ్ళు తేలికపడుతుంది, ఫోన్లో యాప్ మెడల్ ఇస్తుంది, ఫ్రెండు ఎవరో వచ్చే నెల 10కే (10 కిలోమీటర్ల పరుగు) ఉంది పేరు ఇచ్చేయ్ అంటాడు. ఇంకేముంది, దూరం డబుల్.

కాలి ముందు ఎముక నొప్పి అని వచ్చినవాళ్ళని ఎక్కడో వేలితో చూపించమంటాను. అరచేయి మొత్తం పెట్టి ఎముక లోపలి అంచు వెంబడి పైనుంచి కిందకి రాసి "ఇదంతా" అంటే కొంచెం ఊపిరి పీల్చుకుంటా, అది సాధారణంగా షిన్ స్ప్లింట్స్, భారం తగ్గిస్తే సర్దుకుంటుంది. అలా కాకుండా ఒక్క చూపుడు వేలు పెట్టి "ఇదిగో ఇక్కడే" అని, నేను అక్కడ బొటనవేలితో నొక్కగానే కాలు వెనక్కి లాక్కున్నారంటే, పైగా రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతోంది అంటే, పరుగు ఆ రోజే ఆపించి డాక్టర్ దగ్గరకి పంపిస్తా, ఎముకలో సన్న చీలిక ఉండొచ్చు. మొదట్లో అది మామూలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రే బాగుంది కదా అని మళ్ళీ పరుగెత్తేయకండి.

వారానికి 10 శాతమే పెంచాలి అనే రూల్ గురించి కూడా అడుగుతారు. నెదర్లాండ్స్‌లో 2008లో కొత్తవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 10 శాతం లెక్కన 13 వారాల ప్లాను, ఇంకో గుంపుకి 8 వారాల మామూలు ప్లాను ఇస్తే రెండిట్లోనూ దెబ్బలు 20 శాతం దగ్గరే తేలాయి. ఆ అంకెలో మహిమ ఏం లేదు. నేను చెప్పేదల్లా ఒకసారి ఒక్కటే మార్చండి, దూరం పెంచిన వారం స్పీడ్ పెంచకండి, స్పీడ్ పెంచినప్పుడు వారంలో ఇంకో రోజు కలపకండి, గత నెలలో మీ పెద్ద పరుగు ఎంతో చూసుకుని ఏ ఒక్కరోజూ దాన్ని మరీ దాటిపోకండి. దమ్ము ఇంకా ఉందిగా అనిపించిన రోజు కూడా.

అపోహ: మధ్యలో నడిస్తే అది రన్నింగ్ కాదు

ఎవరు పుట్టించారో గానీ ఈ మాట వల్ల మానేసినవాళ్ళు చాలామంది. సోఫాలో కూర్చునేవాళ్ళని 9 వారాల్లో 5 కిలోమీటర్ల పరుగు దాకా తెచ్చే కౌచ్ టు 5కే ప్లాను 1996లో జోష్ క్లార్క్ అనే ఆయన రాసింది, దాని మొదటి వారం ఏంటంటే 60 సెకన్లు జాగింగ్, 90 సెకన్లు నడక, అలా 20 నిమిషాలు, వారానికి మూడు రోజులు. ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే అయితే 1970ల నుంచీ పరుగు-నడక కలిపే నేర్పించాడు, ఆ పద్ధతిలో మారథాన్లు పూర్తిచేసినవాళ్ళు ఎంతోమంది. బరువు ఎక్కువున్నవాళ్ళకి ఆ 60 సెకన్లు కూడా ఎక్కువే అనిపిస్తే 30 సెకన్ల పరుగు, 2 నిమిషాల నడకతో మొదలెట్టండి, ఒక వారం ప్లానుని రెండు వారాలు చేయండి, 9 వారాలది 18 అవుతుంది, ఎవరూ వచ్చి అడగరు. పక్కమనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే మీ వేగం. చురుగ్గా నడిచేవాడు మిమ్మల్ని దాటి వెళ్ళిపోయినా సరే.

అపోహ: పరిగెడితే చాలు, బరువు అదే దిగుతుంది

లెక్క వేసి చూద్దాం. పరుగులో సుమారుగా ఒక కిలో బరువుకి ఒక కిలోమీటరుకి ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 100 కిలోల మనిషి ఒక కిలోమీటరు పరిగెడితే 100. ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 క్యాలరీలు, అంటే 77 కిలోమీటర్లు! వారానికి 3 కిలోమీటర్ల మనిషికి అది ఎన్ని నెలలో మీరే చూసుకోండి. పైగా తగ్గే కొద్దీ ఖర్చూ తగ్గుతుంది, 80 కిలోలకి వచ్చాక అదే కిలోమీటరుకి 80 మాత్రమే. చేతికున్న వాచీ ఒక్కోసారి ఇంకా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి "ఇవాళ సంపాదించుకున్నాం" అని తింటే అసలుకే మోసం. బరువు దిగేది ప్రధానంగా తిండి దగ్గర, పరుగు ఉపయోగపడేది గుండెకి, షుగర్ కంట్రోల్‌కి, నిద్రకి, తగ్గిన బరువు మళ్ళీ ఎక్కకుండా ఉండటానికి.

మొదలెట్టిన రెండు మూడు వారాల్లో కాటా మీద కిలో, కిలోన్నర పెరిగి హడలిపోయేవాళ్ళు కూడా ఉంటారు. అది కొవ్వు కాదు, కండరాలు గ్లైకోజెన్ (నిల్వ ఉంచుకునే చక్కెర) దాచుకుంటాయి, ఆ ప్రతి గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీరు చేరుతుంది, అలసిన కండరం కొంచెం వాస్తుంది కూడా.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. తొందరగా తగ్గాలని తిండి బాగా కోసేసి, దాని మీద పరుగు పెంచేవాళ్ళు. ఇందాక చెప్పిన ఎముక పనికి సరుకు ఎక్కడినుంచి వస్తుంది మరి? తిండి చాలనప్పుడు శరీరం మరమ్మత్తులే ముందు వాయిదా వేస్తుంది. ఆడవాళ్ళలో నెలసరి తప్పడం, ఎవరికైనా ఎప్పుడూ చలిగా ఉండటం, నిద్ర పట్టకపోవడం, చిన్న నొప్పి వారాల తరబడి మానకపోవడం కనిపిస్తే పరుగు తగ్గించి తిండి సరిచూసుకోవాలి. బరువు తగ్గే మందులు వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్త, ఆకలే వేయదు కాబట్టి ప్రొటీన్ సంగతి గుర్తుపెట్టుకుని తినాలి.

అపోహ: మడమ ముందు ఆనకూడదు, ముందుపాదంతో పరిగెత్తాలి

వీడియోలు చూసి వచ్చే తంటా ఇది. ముందుపాదం మీదకి మారితే మోకాలి భారం కొంత తగ్గేది నిజమే, కానీ ఆ భారం మాయమవ్వదు, పిక్కకి, మడమ వెనక టెండన్‌కి పోతుంది. బరువున్న కొత్త రన్నర్లలో బలహీనంగా ఉండేది తరచుగా అక్కడే. నేను చేయించే పరీక్ష మీరూ చేసుకోవచ్చు, గోడకి వేలికొసలు ఆనించి ఒంటికాలి మీద నిలబడి మడమ పైకి లేపి దించండి. బరువు చేతివేళ్ళ మీద వేయకూడదు. చాలామందికి ఏడెనిమిది అయ్యేసరికి మోకాలు వంగడం మొదలవుతుంది, మడమ సగమే లేస్తుంది, ఒళ్ళు గోడ వైపు ఒరుగుతుంది. 20 దాకా శుభ్రంగా వచ్చేదాకా వారానికి రెండు మూడు రోజులు ఇదే మీ వ్యాయామం, వీటితోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. పాదం ఎలా పడుతోందో వదిలేయండి, అడుగు చిన్నది చేయండి, నిమిషానికి పడే అడుగులు 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది.

షూస్ గురించి ఒక మాట. బరువున్నవాళ్ళకి మందపాటి కుషన్ తప్పనిసరి అని అమ్మేవాళ్ళు చెప్తారు. లక్సెంబర్గ్‌లో 800 మందికి పైగా రన్నర్లకి గట్టివీ మెత్తవీ ఇచ్చి చూస్తే (2020లో వచ్చింది) మెత్తటి షూస్ వల్ల లాభం తేలికగా ఉన్నవాళ్ళలో కనపడింది, బరువున్నవాళ్ళలో తేడా తేలలేదు! కాలికి హాయిగా ఉందా, ముందు బొటనవేలంత ఖాళీ ఉందా, అంతే చూడండి.

ఇక మిగతావి గబగబా. చెమట ఎక్కువ పడితే కొవ్వు కరిగినట్టు కాదు, అది నీరు, ప్లాస్టిక్ సూట్లు వేసుకుని పరిగెత్తకండి వడదెబ్బ కొడుతుంది. పొట్ట ఒక్కటే తగ్గించే పరుగు లేదు. పరుగుకి ముందు కదలకుండా చేసే స్ట్రెచింగ్ దెబ్బలు ఆపదు, 5 నిమిషాల నడక నయం. నొప్పి భరిస్తేనే ఫలితం అనేదీ తప్పే, పదికి మూడు లోపు ఉండి మర్నాటికి పోతే సరే, నడక మారిపోయేంత నొప్పి అయితే ఆగిపోవాలి.

తొడలు ఒరుసుకుని మంట పుట్టడం గురించి ఎవరూ అడగరు, సిగ్గుపడి మానేస్తారు పాపం. మోకాలి దాకా ఉండే బిగుతు షార్ట్స్ వేసుకోండి, లోపలి తొడలకి వేజలీన్ రాయండి, అంతకంటే పెద్ద వైద్యం లేదు.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకి పరుగులో షుగర్ పడిపోవచ్చు, మొదలెట్టకముందే డాక్టర్‌తో డోసు మాట్లాడుకోండి. బీపీకి బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవాళ్ళకి వాచీలో గుండె వేగం అంకెలు సరిపోవు, మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే చూసుకోండి. ఛాతీ బిగుసుకోవడం, కళ్ళు తిరగడం వచ్చాయా, ఇంకో రౌండు లేదు.